మార్చిన ఫైలు నల్లగా వస్తే



ఈమధ్య చాలా ఇళ్ళల్లో ఒక మంచి పని జరుగుతోంది. అటక మీది ట్రంకుపెట్టె కిందికి దించుతున్నారు. పెళ్ళినాటి నెగెటివ్‌లు, నాన్నగారి ఉత్తరాలు, పొలం దస్తావేజులు బయటికి తీసి స్కాన్ చేయిస్తున్నారు. దూరాన ఉన్న పిల్లలకు పంపాలని కొందరు. చెదలు పట్టేలోపు దాచుకోవాలని కొందరు. స్కానింగ్ అయ్యాక ఒక పెన్‌డ్రైవ్ చేతికొస్తుంది. చిక్కంతా అక్కణ్ణుంచే మొదలవుతుంది.

ఫైలు ఫోన్లో తెరుచుకోదు. సరే, జేపెగ్‌లోకి మార్చుకుందాం అనుకుంటాం. మారిస్తే ఫొటో నల్లగా వస్తుంది. లేదా ఫొటో అంతా నారింజ రంగులో ఉంటుంది. లేదా 30 పేజీల దస్తావేజులో ఒక్క పేజీయే కనబడుతుంది. అయ్యో, స్కానింగ్ పాడైపోయింది అనుకుంటాం. మళ్ళీ డబ్బు పోసి స్కాన్ చేయిస్తాం. ఇంకా ఘోరం ఏమిటంటే, ఇవి ఎందుకూ పనికిరావని ఆ ఫైళ్ళు తీసి పారేస్తాం.

తొందరపడకండి. చాలాసార్లు ఫొటోకి ఏమీ కాలేదు. అది ఫైల్లో భద్రంగానే ఉంది. ఆ ఫైలును చదివే ప్రోగ్రాము తప్పుగా చదువుతోంది, అంతే. ఈ పూట నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. ఫైలు మార్చాక తేడా వస్తే, వెంటనే ఫొటోను దిద్దడం మొదలుపెట్టవద్దు. తేడా ఏ మెట్టు దగ్గర వచ్చిందో ముందు కనిపెట్టండి. కనిపెట్టేదాకా అసలు ఫైలును ముట్టుకోవద్దు.

అసలు ఫైలు అని ఎందుకంటున్నానో చెబుతాను. స్కానర్ ఏ మెరుగులూ దిద్దకుండా, తాను కొలిచిన వెలుతురును కొలిచినట్టు రాసిపెట్టిన ఫైలును రా ఫైలు అంటాం. అది రుబ్బిపెట్టుకున్న పిండి. పిండి ఉంటే ఇడ్లీ వేసుకోవచ్చు, దోశ పోసుకోవచ్చు. ఒక వాయి మాడిపోతే ఇంకో వాయి వేసుకోవచ్చు. కానీ ఇడ్లీని చిదిపి మళ్ళీ పిండి చెయ్యలేం. జేపెగ్ ఇడ్లీ. పీడీఎఫ్ దోశ. మాడిన వాయి చూసి పిండి పారబోసుకోవద్దు.

అందుకని కంప్యూటర్ ముందు కూర్చోగానే చెయ్యాల్సిన మొదటి పని, ఆ ఫోల్డర్ మొత్తాన్ని ఇంకోచోట కాపీ పెట్టుకోవడం. రెండోది, కాపీలోంచి ఒకే ఒక్క ఫైలు తీసుకోవడం. 500 ఫొటోలు ఉన్నా సరే, ఒక్కటే తీసుకోండి. ఆ ఒక్కటీ కుదిరాకే మిగతావి.

ఇప్పుడు ఆ ఒక్క ఫైలు దగ్గరికి వద్దాం. అది అసలు ఏ రకం ఫైలు? పేరు చివర టిఫ్ అని ఉందా, డీఎన్‌జీ అని ఉందా, రా అని ఉందా, చూడండి. అయితే పేరును పూర్తిగా నమ్మకండి. కొందరు పేరు చివర టిఫ్ తీసేసి జేపెగ్ అని టైపు చేస్తారు. మార్చేశాం అనుకుంటారు. మారింది పేరు. లోపల ఉన్నది టిఫే. కొన్ని ప్రోగ్రాములు దాన్ని తెరుస్తాయి, కొన్ని తెరవవు. మన ఇంట్లో తెరుచుకుని, పిల్లల దగ్గర తెరుచుకోకపోవడానికి ఇదీ ఒక కారణం.

లోపల ఏముందో తెలుసుకోవడానికి తేలిక దారి ఉంది. ఫైలు కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. తెరనిండా పిచ్చి గీతలు, గుర్తులు వస్తాయి. కంగారు పడొద్దు. మొట్టమొదటి అక్షరాలు మాత్రం చూడండి. ఇంగ్లీషు ఐ, ఐ, పక్కన నక్షత్రం గుర్తు ఉంటే అది టిఫ్. ఐ, ఐ బదులు ఎం, ఎం ఉన్నా టిఫే. ఒకటి ఇంటెల్ వరస, ఇంకొకటి మోటరోలా వరస. అంకెల్ని ఏ వైపు నుంచి చదవాలో చెప్పే గుర్తులవి. డీఎన్‌జీ కూడా టిఫ్ పద్ధతి మీదే కట్టింది కాబట్టి అందులోనూ ఇవే కనిపిస్తాయి. శాతం గుర్తు పక్కన పీడీఎఫ్ అని ఉంటే అది పీడీఎఫ్. మొదటి వరసలో పీఎన్‌జీ అని కనబడితే పీఎన్‌జీ. జేఎఫ్ఐఎఫ్ అనో, ఎగ్జిఫ్ అనో ఉంటే సాధారణంగా జేపెగ్. చూశారు కదా, ఇక సేవ్ చెయ్యకుండా మూసెయ్యండి. గుర్తుపెట్టుకోండి, సేవ్ చెయ్యకుండా. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే ఆ కాపీ చెడిపోతుంది.

మొదట్లో ఏ గుర్తూ కనబడలేదనుకోండి. అప్పుడది వట్టి అంకెల కుప్ప కావచ్చు. అంటే పొడవెంత, వెడల్పెంత, రంగులున్నాయా లేదా అని చెప్పే వివరమేదీ ఫైల్లో లేదన్నమాట. పాత స్కానర్లు, కొన్ని ప్రయోగశాల యంత్రాలు ఇలాంటివి ఇస్తాయి. దీన్ని తేల్చడానికి మనకు కావలసింది ఒక గుణకారం.

ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే, అడ్డంగా 2,480 చుక్కలు, నిలువుగా 3,508 చుక్కలు వస్తాయి. రెండూ గుణిస్తే సుమారు 87 లక్షలు. నలుపు తెలుపు ఫొటో అయితే చుక్కకు ఒక బైటు చాలు. ఫైలు సైజు 87 లక్షల బైట్లు ఉంటుంది. రంగుల ఫొటో అయితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, మూడు బైట్లు. సుమారు 2 కోట్ల 61 లక్షలు. ఒక్కో రంగును 8 బిట్లలో కాక 16 బిట్లలో కొలిస్తే దానికి రెట్టింపు. 5 కోట్ల 22 లక్షలు. ఫైలు మీద మౌసుతో రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. అక్కడున్న బైట్లు ఈ మూడింటిలో దేనికి సరిపోయాయో చూస్తే, లోపలేముందో చాలావరకు తెలిసిపోతుంది. ఈ లెక్క ఎంత పనికొస్తుందో చేసి చూస్తే గాని తెలియదు. నా దృష్టిలో, ప్రోగ్రాములన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఈ గుణకారం.

సైజు లెక్కకు కొద్దిగా ఎక్కువుందా? ఆ మిగులు ఫైలు మొదట్లో ఉన్న వివరం కావచ్చు. లెక్కకు తక్కువుందా? ఫైలు కాపీ అవుతుండగా మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు, లేదా కుదించి ఉండొచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి మళ్ళీ కాపీ చేసి చూడండి. మార్చే ప్రోగ్రాము మీద పడి లాభం లేదు.

ఇలాంటి అంకెల కుప్పను ఇర్ఫాన్‌వ్యూలోనో, గింప్‌లోనో తెరవొచ్చు. రెండూ ఉచితంగా దొరికే ప్రోగ్రాములే. వెడల్పెంత, ఎన్ని బిట్లు అని అవి మనల్ని అడుగుతాయి. అక్కడ వెడల్పు కొద్దిగా తప్పు చెప్పారనుకోండి. ఫొటోలో మనుషులు ఏటవాలుగా పక్కకు ఒరిగిపోతారు. గోడలు, స్తంభాలు అన్నీ వాలిపోతాయి. అది చూసి భయపడకండి. వెడల్పు అంకెను ఒకటీ రెండూ పెంచుతూ తగ్గిస్తూ పోతే నిటారుగా నిలబడతాయి. గింప్‌లో అయితే అంకె మారుస్తుండగానే పక్కన బొమ్మ సర్దుకోవడం కనబడుతుంది. ఒరిగిపోకుండా తెరంతా చుక్కలు చుక్కలుగా ఉంటే, 16 బిట్ల అంకెల్ని ఎదురువైపు నుంచి చదువుతున్నట్టు. ఇందాక చెప్పానే, ఇంటెల్ వరస, మోటరోలా వరస అని. ఒకటి తీసి రెండోది పెట్టి చూడండి.

సరే, ఇక అందరికీ ఎదురయ్యే కష్టం దగ్గరికి వద్దాం. ఫొటో నల్లగా రావడం.

రా ఫైల్లో వెలుతురు ఉన్నది ఉన్నట్టు కొలిచిపెట్టి ఉంటుందని చెప్పాను. మన కన్ను అలా చూడదు. తన మీద పడ్డ వెలుతురులో నూటికి 18 వంతులు తిప్పికొట్టే బూడిద రంగు, మన కంటికి నలుపుకీ తెలుపుకీ దాదాపు మధ్యలో ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ స్కానర్ కొలతలో అది 18 వంతులే. 0 నుంచి 255 దాకా ఉన్న మెట్లలో అది 46వ మెట్టు దగ్గర పడుతుంది. అదే అంకెను తెర మీద నేరుగా చూపిస్తే నల్లగా కాక ఇంకెలా ఉంటుంది? మామూలు జేపెగ్‌లో ఆ బూడిద రంగు 118 దగ్గర ఉండాలి. ఆ 46ని 118 దగ్గరికి తెచ్చే సవరణనే గామా అంటారు. నల్లగా వచ్చిన ఫొటోకు ఆ సవరణ జరగలేదు. చాలాసార్లు అంతకుమించి ఏమీ ఉండదు. గింప్‌లో లెవెల్స్ అనే చోట మధ్య అంకె 1 ఉంటుంది. దాన్ని 2.2 చేసి చూడండి. ముఖాలు బయటికి వస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. దీన్ని రెండుసార్లు చెబుతాను. ముందు వెలుతురు సరిచెయ్యండి, ఆ తర్వాతే జేపెగ్‌లోకి మార్చండి. ముందు వెలుతురు, తర్వాత జేపెగ్. ఎందుకంటే 16 బిట్ల ఫైల్లో నలుపుకీ తెలుపుకీ మధ్య 65,536 మెట్లు ఉంటాయి. మామూలు జేపెగ్‌లో 256 మెట్లే. నల్లగా ఉండగానే జేపెగ్ చేస్తే, ఆ చీకట్లో ఉన్న అమ్మమ్మ జుట్టు, పట్టుచీర మడతలు పదీ పదిహేను మెట్లలో ఇరుక్కుపోతాయి. తర్వాత ఎంత వెలుతురు పెంచినా చారలు చారలుగా విడిపోతాయి గాని మడతలు తిరిగిరావు. పిండి దగ్గర ఉప్పు సరిచూసుకోవాలి. ఇడ్లీ అయ్యాక కాదు.

గామా సరిచేసినా ఫొటో ఇంకా నల్లగానే ఉందా? అయితే కొన్ని స్కానర్లు 12 బిట్లే కొలిచి, ఆ అంకెల్ని 16 బిట్ల ఫైల్లో పెడతాయి. 12 బిట్లంటే 4,095 దాటదు. 65,535 దాకా పోవాల్సిన చోట 4,095 దగ్గరే ఆగిపోతే తెల్ల పంచె కూడా నల్లగానే కనబడుతుంది. అదే లెవెల్స్‌లో తెలుపు వైపు గుర్తును ఎడమకు జరపండి. అంకెలు ఎక్కడ ఆగిపోయాయో అక్కడిదాకా జరిపితే సరిపోతుంది.

రంగుల నెగెటివ్‌ల సంగతి వేరు. వాటిని రా ఫైలుగా స్కాన్ చేస్తే నారింజ రంగు వస్తుంది. ఆ రంగు ఫిల్ముదే. ఫిల్ము కంపెనీలు కావాలనే పెట్టాయి. ఫిల్ములోని రంగులు పూర్తి స్వచ్ఛంగా ఉండవు కాబట్టి ఆ లోటు సరిదిద్దడానికి వేసిన రంగు అది. దాన్ని తియ్యకుండా నేరుగా రంగులు తిరగేస్తే ఫొటో అంతా నీలంగా తేలుతుంది. నెగెటివ్ అంచున బొమ్మ లేని ఖాళీ జాగా ఉంటుంది కదా, అక్కడి రంగును ముందు తటస్థం చేసి, ఆ తర్వాత తిరగెయ్యండి. అందుకే నెగెటివ్‌లు స్కాన్ చేయించేటప్పుడు ఆ అంచు కత్తిరించవద్దని ముందే చెప్పడం మంచిది.

కొన్ని ఫిల్మ్ స్కానర్లు మూడు రంగులతో పాటు నాలుగో పొర కూడా రాస్తాయి. అది ఇన్‌ఫ్రారెడ్ పొర. ఫిల్ము మీది దుమ్ము, గీతలు అందులో విడిగా పడతాయి. వాటిని ఆనవాలు పట్టి చెరపడానికి వాడతారు. మార్చే ప్రోగ్రాముకు ఈ సంగతి తెలియకపోతే, నాలుగో పొర అంటే పారదర్శకత అనుకుంటుంది. ఫొటో వెలిసిపోయి, అక్కడక్కడ కన్నాలు పడినట్టు కనిపిస్తుంది. ఆ నాలుగో పొరను పక్కనపెట్టి, మిగతా మూడింటితో మార్చమని చెప్పాలి. జేపెగ్‌లో ఆ పొరకు చోటు లేదు. దుమ్ము తీయించుకోవాలంటే మళ్ళీ రా ఫైలే కావాలి. అన్నట్టు, పాతకాలపు నలుపు తెలుపు నెగెటివ్‌లకు ఈ పద్ధతి పనికిరాదు. వాటిలో బొమ్మ వెండితో ఏర్పడుతుంది. వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది కాబట్టి, బొమ్మనే దుమ్ము అనుకుంటుంది యంత్రం.

ఇక ఉత్తరాలు, దస్తావేజులు, పుస్తకాలు. ఇక్కడ నా మనసుకు బాగా పట్టిన విషయం ఒకటుంది.

అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు కంప్యూటర్ శాస్త్రంలో 1994 ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. ఆయన ముందుండి నడిపిన మిలియన్ బుక్ ప్రాజెక్టు వల్ల, దానితో కలిసి నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వల్ల వేలాది పాత తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. వాటికి మనం ఎంతో రుణపడి ఉన్నాం. అందులో పేజీకొక టిఫ్ ఫైలు ఉండేది. చాలా బ్రౌజర్లు టిఫ్ చూపించవు. అందుకని ఓపికున్న పాఠకులు పేజీలన్నీ దించుకుని, వరసగా కలిపి పీడీఎఫ్ చేసుకునేవాళ్ళు. ఆ పేజీలు చదివినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. కొన్ని పేజీల్లో వత్తులు నల్లముద్దలై ఉంటాయి. కొన్నిచోట్ల అక్షరం కింద గీత మాయమై ఉంటుంది.

కారణం ఏమిటంటే, బూడిద రంగు మెట్లన్నీ తీసేసి, ప్రతి చుక్కనూ అయితే నలుపు, కాకపోతే తెలుపు చెయ్యడం. ఫైలు చాలా చిన్నదవుతుంది, నిజమే. కానీ మన లిపిని ఒక్కసారి తలుచుకోండి. ద మధ్యలో చుక్క పెడితే థ. కింద చిన్న గీత పెడితే ధ. ప కింద గీత పడితే ఫ. ఆ చుక్క, ఆ గీత పాత అచ్చులో ఎంత సన్నగా ఉంటాయి! కాస్త వెలిసిన సిరాలో ఉంటే, ఆ ప్రోగ్రాము దాన్ని తెలుపు కింద జమకట్టేస్తుంది. అప్పుడు కథ కద అయిపోతుంది. ఒకసారి బూడిద రంగు పోయాక, పోయిన గీతను ఏ ప్రోగ్రామూ వెనక్కి తేలేదు. అందుకని తెలుగు పేజీలను రా ఫైలు నుంచి మార్చేటప్పుడు వట్టి నలుపు తెలుపులోకి వద్దు. బూడిద రంగు మెట్లు ఉంచే గ్రేస్కేల్‌లోకి మార్చండి. దాచుకోవడానికి టిఫ్ గాని పీఎన్‌జీ గాని వాడండి. జేపెగ్ బొమ్మను 8 చుక్కల అడ్డం, 8 చుక్కల నిలువు గళ్ళుగా కోసి కుదిస్తుంది. ఎక్కువ కుదిస్తే అక్షరాల చుట్టూ మసక కమ్ముతుంది. ఫొటోలో అది కంటికి ఆనదు. అక్షరంలో ఆనుతుంది.

కుదింపు వల్ల ఇంతకంటే పెద్ద ప్రమాదమే జరిగింది. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఇంటి ప్లాన్‌ను జిరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రంలో స్కాన్ చేశాడు. మూడు గదుల విస్తీర్ణాలు మూడు రకాలుగా ఉండాలి. స్కాన్‌లో మూడు గదులకీ ఒకటే అంకె వచ్చింది. మసకగా కాదు, స్పష్టంగా, అచ్చు వేసినట్టు. ఆ యంత్రం జేబిగ్ 2 అనే కుదింపు వాడుతోంది. ఒకేలా కనిపించే ముక్కల్ని ఒక్కసారే దాచి, మిగతాచోట్ల అదే అతికించే పద్ధతి అది. అలా 6 ఉన్నచోట 8 వచ్చి కూర్చున్న సందర్భాలు బయటపడ్డాయి. కంపెనీ తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ సవరించింది. మన పొలం కాగితాల్లో సర్వే నంబర్లు, ఎకరాలు, గుంటలు అన్నీ అంకెలే. వాటిని పీడీఎఫ్‌లోకి మార్చాక, అసలు కాగితం పక్కన పెట్టుకుని అంకెలు ఒక్కొక్కటిగా చదివి సరిచూసుకోండి. మసకగా ఉన్న అంకెను మనం ఎలాగూ అనుమానిస్తాం. స్పష్టంగా ఉన్న తప్పు అంకెనే నమ్మేస్తాం.

మిగతా చిక్కులు చిన్నవే. ఒక్క టిఫ్ ఫైల్లో చాలా పేజీలు ఉండొచ్చు. జేపెగ్‌లో ఒక్క పేజీకే చోటు. అందుకే 30 పేజీల దస్తావేజు మొదటి పేజీతో ఆగిపోతుంది. అన్ని పేజీలూ విడదియ్యమని ప్రోగ్రాముకు చెప్పాలి, లేదా నేరుగా పీడీఎఫ్ చేసుకోవాలి. పీడీఎఫ్‌లో 1 తర్వాత 10, ఆ తర్వాత 2 వచ్చిందంటే ఫైళ్ళ పేర్లలో సున్నాలు లేవన్నమాట. 001, 002 అని పేర్లు పెట్టుకుంటే వరస కుదురుతుంది. ప్రింటు తీస్తే ఏ4 పేజీ 34 అంగుళాల వెడల్పు చూపిస్తోందా? చుక్కలు ఎక్కడికీ పోలేదు. అంగుళానికి 300 అన్న వివరం మార్పిడిలో జారిపోయి, ప్రోగ్రాము 72 అనుకుంటోంది. మళ్ళీ 300 అని రాస్తే సరిపోతుంది. చుక్కల సంఖ్య మార్చొద్దు, ఆ ఒక్క అంకె మార్చండి.

ఒక్క ఫైలు ఇలా కుదిరాక మిగతా ఫోల్డరంతా ఒకేసారి మార్చుకోవచ్చు. మార్చినవి వేరే ఫోల్డర్‌లోకి వెళ్ళేలా చూడండి. అసలు ఫైళ్ళ మీద రాయడానికి ప్రోగ్రాముకు అనుమతి ఇవ్వొద్దు. అయిపోయాక రెండు ఫోల్డర్లలోనూ ఫైళ్ళు ఎన్ని ఉన్నాయో సరిచూడండి.

ఎంత చూసినా తేడా ఎక్కడో తేలలేదనుకోండి. తెలిసినవాళ్ళను అడుగుతారు కదా. తెర మీద కనిపించేదాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పంపితే వాళ్ళకు ఏమీ తెలియదు. ఏ స్కానర్, ఏ ప్రోగ్రాముతో స్కాన్ చేశారు, అంగుళానికి ఎన్ని చుక్కలు, ఫైలు ఎన్ని బైట్లు, ఈ నాలుగూ చెప్పండి. ఒక రా ఫైలు కూడా పంపండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది. అందుకని డాక్యుమెంట్‌గా పంపండి. వాళ్ళకు అందాక అటు సైజు ఎంత చూపిస్తోందో అడగండి. మీ దగ్గరున్న బైట్లూ అక్కడున్న బైట్లూ ఒక్కటైతేనే, ఇద్దరూ ఒకే ఫైలు చూస్తున్నట్టు.